అట్టడుగు సముదాయాలతో పరిశోధన: నైతికత, సమభాగస్వామ్యం

ఆదివాసులు, దళితులు, సంచార జాతులు, వలస కూలీలు, వికలాంగులు వంటి అట్టడుగు సముదాయాలను బయటివారు అధ్యయనం చేసేటప్పుడు రెండు పక్షాల మధ్య ఎలాంటి సంబంధం ఉండాలన్నది పరిశోధన నైతికతలో ఒక ప్రధాన విషయం. వైద్యం, మానవశాస్త్రం, భాషాశాస్త్రం, వృక్షశాస్త్రం, వ్యవసాయం, సామాజిక శాస్త్రాలు అన్నింటికీ ఇది వర్తిస్తుంది. పరిశోధకుల చేతిలో చదువు, నిధులు, సంస్థ అండ, ప్రచురణ అవకాశం ఉంటాయి. అధ్యయనానికి లోనయ్యేవారికి చాలాసార్లు కాదనే శక్తి కూడా ఉండదు. మనిషికి హాని చేయరాదన్న కనీస నియమంతో మొదలైన ఈ ఆలోచన క్రమంగా నిర్ణయాధికారం దాకా విస్తరించింది. ఏ ప్రశ్న అడగాలి, సేకరించినది ఎవరి దగ్గర ఉండాలి, ఫలితం ఎవరికి దక్కాలి అనే విషయాల్లో సముదాయం మాట చెల్లాలన్నది నేటి అవగాహన.

చారిత్రక నేపథ్యం

వలస పాలనలో జనజీవన అధ్యయనం పాలకుల అవసరాలకు అనుబంధంగా సాగింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కులాల, తెగల వారి తలలను, ముక్కులను పరికరాలతో కొలిపించి, కె. రంగాచారి సహకారంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. కొలతకు నిలబడినవారికి ఆ కొలతలు ఎందుకో తెలియదు, వాటి మీద హక్కూ లేదు. మనుషులను పుట్టుకను బట్టి వర్గీకరించే ఇదే దృష్టి నేరస్థ జాతుల చట్టంలోనూ కనిపిస్తుంది. 1871లో వచ్చిన ఈ చట్టం 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకల వంటి సముదాయాలు పోలీసు నిఘా కిందికి, స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలోకి వెళ్లవలసి వచ్చింది. చట్టం 1952లో రద్దయినా దాని మచ్చ ఆ సముదాయాలను వెంటాడుతూనే ఉంది.

వైద్య పరిశోధనలో జరిగిన అన్యాయాల్లో అందరికీ తెలిసినది అమెరికాలోని టస్కిగీ అధ్యయనం. అలబామా రాష్ట్రం మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ప్రజారోగ్య సేవా విభాగం 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచింది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. జబ్బు పేరు చెప్పకుండా రక్తం చెడిందని మాత్రమే వారికి చెప్పారు. ఉచిత వైద్య పరీక్షలు, భోజనం, అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. వెన్ను నుంచి నీరు తీసే పరీక్షను ప్రత్యేక చికిత్సగా నమ్మించారు. 1940ల చివరికి పెన్సిలిన్ సిఫిలిస్‌కు ప్రామాణిక చికిత్సగా స్థిరపడినా వారికి అందనివ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడ్డాకే అధ్యయనం ఆగింది. 1997లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

నియమావళులు

నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి స్వచ్ఛంద సమ్మతిని మొదటి సూత్రంగా నిలిపింది. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకి ప్రకటన చేసింది. టస్కిగీ ఫలితంగా అమెరికాలో 1974లో జాతీయ పరిశోధన చట్టం, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చాయి. వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలను ఆ నివేదిక చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి 1980లో తొలి విధాన ప్రకటన చేసి, 2000, 2006, 2017 సంవత్సరాల్లో మార్గదర్శకాలు విడుదల చేసింది. సముదాయ పెద్దలు ఇచ్చే అనుమతి అవసరమైన చోట తీసుకోవాలని, అది వ్యక్తి సమ్మతికి బదులు కాదని ఇవి స్పష్టం చేస్తాయి.

ఈ నియమాలన్నీ ప్రధానంగా వ్యక్తి చుట్టూ తిరుగుతాయి. అడవి, భాష, మందుమొక్కల జ్ఞానం, వంశచరిత్ర వంటివి ఏ ఒక్కరి సొత్తూ కావు. ఒక మనిషి ఇచ్చిన నమూనా మొత్తం తెగ గురించి చెబుతుంది కాబట్టి ఆ ఒక్కరి సంతకం తెగ అందరి హక్కును కాపాడలేదు. ఈ లోపాన్ని బయటపెట్టిన వివాదాల నుంచే సముదాయ సమ్మతి అనే భావన బలపడింది.

హవసుపాయి రక్త నమూనాల వివాదం

హవసుపాయి తెగ అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో నివసిస్తుంది. మధుమేహం తెగను పీడిస్తుండటంతో, దానికి కారణం తెలుస్తుందన్న ఆశతో 1990 నుంచి కొన్నేళ్లపాటు తెగ సభ్యులు ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. సమ్మతి పత్రంలోని మాటలు మాత్రం విశాలంగా ఉన్నాయి. అదే రక్తాన్ని తర్వాత స్కిజోఫ్రీనియా, మేనరికపు సంబంధాలు, పూర్వకాలపు వలసల అధ్యయనాలకు వాడారు. తమ పుట్టుక ఆ లోయలోనే జరిగిందని నమ్మే తెగకు, పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారని తమ రక్తంతోనే నిరూపించబూనడం తీరని నొప్పి కలిగించింది. 2003లో యూనివర్సిటీలో జరిగిన ఒక పీహెచ్‌డీ సమర్పణకు హాజరైన తెగ సభ్యురాలు లేచి, ఈ వాడకానికి అనుమతి ఉందా అని అడగడంతో విషయం వెలుగులోకి వచ్చింది.

తెగ కోర్టుకు వెళ్లింది. 2010 ఏప్రిల్‌లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. రక్తం దాచిన ఫ్రీజర్ తలుపు తెరిచినప్పుడు తెగ ప్రతినిధులు తమ భాషలో పాడారు, కొందరు కన్నీరు పెట్టుకున్నారు. పరిశోధకులకు ప్రయోగశాల సామగ్రిగా కనిపించినది తెగకు తమ వాళ్ల శరీరంలో భాగం. ఒక పనికని ఇచ్చినదాన్ని మరో పనికి వాడాలంటే మళ్లీ అడగాలన్న సూత్రానికి ఈ కేసు ప్రామాణిక ఉదాహరణగా నిలిచింది.

ఖమ్మం టీకా ప్రాజెక్టు

సమ్మతి ఎలా తంతుగా మారుతుందో తెలుగునాట జరిగిన ఒక ఉదంతం చూపుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాపై 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదరలోను ఒక ప్రదర్శన ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు ఇందులో భాగస్వాములు. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు, సుమారు 14,000 మందికి టీకా వేశారు. వారిలో చాలామంది ఆదివాసీ హాస్టళ్ల విద్యార్థినులు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడు మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు.

మరణాలకు టీకా కారణం అనడానికి విచారణలో ఆధారం దొరకలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరులో తీవ్ర లోపాలు బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. కూతురు హాస్టల్లో ఉన్న కోయ కుటుంబానికి వార్డెన్ మాట ప్రభుత్వం మాటే. ఆ మాటను కాదనగలిగే స్థితి లేని చోట పత్రం మీది సంతకాన్ని సమ్మతి అనలేం. టీకా మంచిదే అయినా ఆ పద్ధతి సమర్థనీయం కాదు.

పరిశోధన సంబంధంలో దశలు

ప్రశ్నను ఎంచుకోవడంతోనే నైతికత మొదలవుతుంది. పరిశోధకులు ముందే నిర్ణయించుకున్న అంశంతో ఊరికి వెళితే ఊరివారు సమాధానాలు ఇచ్చేవారుగానే మిగిలిపోతారు. ఊరిని బాధిస్తున్న సమస్య ఏమిటో అడిగి, అది అధ్యయనంలో చోటు చేసుకునేలా ప్రశ్నను మార్చుకోవడం మొదటి మెట్టు. నిధుల దరఖాస్తు రాయకముందే ఈ సంభాషణ జరగాలి.

ప్రవేశం రెండో దశ. ఏజెన్సీ ప్రాంతంలో అధ్యయనానికి సాధారణంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారుల అనుమతి తీసుకుంటారు. అది ప్రభుత్వం ఇచ్చిన అనుమతి, ఊరి అంగీకారం వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ప్రత్యేక స్థానం ఇచ్చింది కాబట్టి గ్రామసభ ముందు విషయం పెట్టడం సముచితం. ప్రభుత్వ జీపులో దిగిన పరిశోధకులను జనం అధికారులుగానే చూస్తారు. పింఛన్ ఆగుతుందేమో, పోడు పట్టా రాదేమో అన్న భయంతో చెప్పే సమాధానాలు నిజానికి దూరంగా ఉంటాయి.

సమ్మతి ఒక్క రోజుతో ముగిసేది కాదు. అధ్యయనం ఎందుకు, ఎవరి డబ్బుతో, ఎంత కాలం, ఏ నష్టం రావచ్చు, ఎప్పుడైనా ఎలా తప్పుకోవచ్చు అనేవి వారి భాషలో చెప్పాలి. చెప్పినది అర్థమైందో లేదో వారి నోటనే విని తెలుసుకోవాలి. చదువురాని వారి విషయంలో పరిశోధకుల బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. విషయం మారిన ప్రతిసారీ మళ్లీ అడగాలి.

క్షేత్రపనిలో సమయం పెద్ద విషయం. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, తునికాకు సేకరణ కాలంలో, నాట్ల సమయంలో గంటల తరబడి కూర్చోబెడితే ఆ కుటుంబం ఆ రోజు ఆదాయం పోగొట్టుకుంటుంది. పోయిన కూలి చెల్లించడం న్యాయం. కాదనలేనంత పెద్ద మొత్తం ఆశచూపడం ఒత్తిడి. గోండి, కోయ, సవర భాషల్లో మాటలను అటూ ఇటూ అందించే స్థానిక యువత అధ్యయనానికి ప్రాణం పోస్తారు. చాలా ప్రచురణల్లో వారి పేరు ఉండదు. వారికి తగిన వేతనం, సహరచయిత హోదా ఇవ్వడం సమభాగస్వామ్యానికి గట్టి గుర్తు.

గోప్యతకూ చిన్న ఊళ్లలో వేరే లెక్క కావాలి. నలభై గడపల గూడెంలో పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. ఒంటరి మహిళ, ఇద్దరు పిల్లలు, కుట్టుమిషన్ అని రాస్తే ఊరంతా పోల్చుకుంటుంది. ఏ వివరం బయటపెట్టాలో ఆ మనిషితోనే తేల్చుకోవాలి. పూజలు, వంశదేవతల కథలు, మందుమొక్కల రహస్యాల్లో రికార్డు చేయకూడనివి ఉంటే రికార్డరు ఆపేయాలి.

ఫలితాలను తిరిగి అప్పగించడం చివరి దశ. తరచుగా ఎగవేసేదీ ఇదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు కారణాల కోసం అనేక బృందాలు రక్తం, మూత్రం, తాగునీరు, మట్టి సేకరించాయి. ఇలాంటి చోట తమ నమూనాలో ఏం తేలిందో తెలియని కుటుంబం తర్వాత వచ్చే బృందాన్ని నమ్మదు. ప్రచురణకు ముందే ఫలితాలను గ్రామసభలో చదివి వినిపించడం, తప్పులు దిద్దించుకోవడం, రికార్డుల ప్రతులు ఊరికి ఇవ్వడం, పని ముగించి ఎప్పుడు వెళ్లిపోతున్నారో ముందుగా చెప్పడం కనీస మర్యాద.

ప్రయోజనాల పంపకం

కేరళలోని అగస్త్య కొండల్లో 1987లో పర్యటించిన శాస్త్రవేత్తల బృందం, దారి చూపుతున్న కాణి తెగవారు ఒక మొక్క కాయలు తిని అలసట లేకుండా నడవడం గమనించింది. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. కాణివారు చెప్పిన వివరాల ఆధారంగా తిరువనంతపురంలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ జీవని అనే మందును తయారుచేసింది. 1995లో కోయంబత్తూరుకు చెందిన ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకాలపై 2 శాతం రాయల్టీ షరతులతో తయారీ హక్కు ఇచ్చింది. అందులో సగం కాణివారికి దక్కేలా ఏర్పాటు చేసింది. ఆ సొమ్ము కోసం 1997లో తెగవారి ట్రస్టు ఏర్పడింది. ప్రయోజనాల పంపకంలో ప్రపంచంలోని తొలి నమూనాల్లో ఇదొకటి. లోపాలూ ఉన్నాయి. తెగలోని అన్ని ఊళ్లవారిని మొదట్లో సంప్రదించలేదు. సంప్రదాయ వైద్యులైన ప్లాతిలలో కొందరు తమ విద్యను బయటపెట్టడాన్ని వ్యతిరేకించారు. అడవి నుంచి ఆకు సేకరణపై అటవీశాఖ ఆంక్షలు పెట్టింది.

తర్వాతి కాలంలో చట్టాలు వచ్చాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రయోజనాల పంపకాన్ని చట్టబద్ధం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ విజ్ఞానంపై అటవీ సముదాయాలకు సామూహిక హక్కును గుర్తించింది. అంతర్జాతీయంగా 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన, 2010 నాటి నగోయా ఒప్పందం ఇదే దిశలో సాగాయి.

సముదాయాల సొంత నియమాలు

బయటివారి మంచితనం మీద ఆధారపడకుండా షరతులను తామే రాసుకున్న సముదాయాలు ఉన్నాయి. కెనడాలోని ఆదివాసీ జాతులు 1998లో సమాచారంపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అనే నాలుగు సూత్రాలను ప్రకటించాయి. మాంట్రియల్ సమీపంలోని కానవాకే మోహాక్ సముదాయం 1994లో మొదలైన మధుమేహ నివారణ ప్రాజెక్టుకు సొంత నియమావళి రాసుకుంది. ఫలితాల వ్యాఖ్యానంలో పరిశోధకులకు, సముదాయానికి ఏకాభిప్రాయం కుదరకపోతే ప్రచురణను ఆపకుండా రెండు అభిప్రాయాలనూ పక్కపక్కనే ఇవ్వాలన్నది దాని పద్ధతి.

దక్షిణాఫ్రికాలోని సాన్ జాతివారు తరతరాలుగా ఆకలి తెలియకుండా నమిలే హూడియా మొక్కపై ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ వారికి చెప్పకుండానే 1990లలో పేటెంట్ పొందింది. వివాదం తర్వాత 2003లో ప్రయోజనాల ఒప్పందం కుదిరింది. 2010లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం కొందరు వ్యక్తుల సమ్మతితోనే సాగి, సాన్ సంస్థలను పక్కన పెట్టింది. ఈ అనుభవాలతో 2017లో సాన్ ప్రతినిధులు సొంత పరిశోధన నియమావళి విడుదల చేశారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి దాని మూలాంశాలు. న్యూజిలాండ్ మావోరీ పండితురాలు లిండా తుహివాయ్ స్మిత్ 1999లో రాసిన గ్రంథం ఈ ఉద్యమానికి సిద్ధాంత బలం ఇచ్చింది.

తెలుగు నేలపై అనుభవాలు

1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం మరణించాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో నివసించి గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన సిఫారసులతో వేలాది కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. దశాబ్దాల తర్వాత తిరిగి వచ్చి, ఆ భూముల్లో చాలాభాగం మళ్లీ అన్యాక్రాంతం కావడాన్ని పుస్తకంగా రాశాడు. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ప్రభుత్వం పంపగా వచ్చిన బయటివాడు సుదీర్ఘ సహవాసంతో సముదాయం పక్షాన నిలవగలడని ఈ చరిత్ర చెబుతుంది. ఆ మేలు ప్రభుత్వ అండ మీద నిలబడినందున ఎంత బలహీనంగా ఉంటుందో కూడా చెబుతుంది.

2001లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రజాతీర్పు మరో తరహా ప్రయత్నం. రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 పత్రంలోని వ్యవసాయ విధానాన్ని చిన్న రైతులు, ఎక్కువగా మహిళలు, జ్యూరీగా కూర్చుని విచారించారు. అధికారులు, నిపుణులు సాక్షులుగా వచ్చి సమాధానాలు చెప్పారు. సర్వేల్లో ఎప్పుడూ సమాధానాలు ఇచ్చేవారే ఇక్కడ ప్రశ్నించి తీర్పు ఇచ్చారు. అదే జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టి తమ పంటల గురించి సినిమాలు తీశారు, 2008 నుంచి సంఘం రేడియో నడిపారు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపి రాతప్రతుల విషయంలోనూ పరిశోధన ఊరికి తిరిగి చేరింది. జయధీర్ తిరుమలరావు తదితర పండితులు ఆ లిపి తెలిసిన కొద్దిమంది పెద్దలతో కలిసి పనిచేశారు, వాచకాలు వచ్చాయి, పిల్లలకు బోధన మొదలైంది. 2018లో యూనికోడ్ ప్రమాణంలో గుంజాల గోండి లిపికి స్థానం దక్కింది.

విమర్శలు, పరిమితులు

సముదాయం అంటే ఎవరన్నది తేలిక ప్రశ్న కాదు. ఊరి పటేల్, సంఘం నాయకుడు ఒప్పుకున్నంత మాత్రాన ఆడవాళ్లు, పాలేర్లు, ఊరి చివరి ఇళ్లవారు ఒప్పుకున్నట్టు కాదు. గృహహింస వంటి అంశాల్లో పెద్దల అనుమతి అడగడమే బాధితులకు ప్రమాదం కావచ్చు. సముదాయానికి ప్రచురణను ఆపే అధికారం ఇస్తే చేదు నిజాలు మరుగున పడతాయన్న ఆందోళనా ఉంది. దీనికి కానవాకే పద్ధతి ఒక సమాధానం.

రాజనీతి శాస్త్ర పండితుడు గోపాల్ గురు 2002లో రాసిన వ్యాసంలో మరో లోతైన ప్రశ్న లేవనెత్తాడు. భారత సామాజిక శాస్త్రాల్లో అగ్రకులాలు సిద్ధాంతాన్ని తమ సొంతం చేసుకుని, దళితులకు వివరాల సేకరణ మాత్రం మిగిల్చాయన్నది ఆయన వాదన. ఈ దృష్టితో చూస్తే బయటివారు ఎంత మర్యాదగా మెలిగినా సరిపోదు. అట్టడుగు సముదాయాల నుంచి పరిశోధకులు, మార్గదర్శకులు, సిద్ధాంతకర్తలు రావాలి. బాధనే పదేపదే రాసే అధ్యయనాలు సముదాయాన్ని గాయపడిన గుంపుగా స్థిరపరుస్తాయని ఆదివాసీ పండితురాలు ఈవ్ టక్ 2009లో హెచ్చరించింది. ఆకలి గురించి రాసేవారు ఆ ఊరి విత్తనాల గురించి, పాటల గురించి, పోరాటాల గురించి కూడా రాయాలి.

వ్యవస్థ కూడా అడ్డే. మూడేళ్ల ఫెలోషిప్, ఏడాది ప్రాజెక్టు గడువుల్లో నమ్మకం పెరగదు. భారతదేశంలో వైద్య, ఆరోగ్య పరిశోధనకు నైతిక కమిటీలు చట్టరీత్యా ఉన్నాయి. సామాజిక, భాషా, జానపద అధ్యయనాలకు అలాంటి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. ప్రశ్న ఎంపికలో సముదాయానికి చోటు, సహపరిశోధకులకు పేరు, ప్రచురణకు ముందు ఊరిలో ఫలితాల నివేదన అనే మూడింటినీ సిద్ధాంత వ్యాసం ఆమోదానికి షరతులుగా పెట్టడం ఏ విశ్వవిద్యాలయానికైనా సాధ్యమే. చట్టం వచ్చేదాకా ఆగకుండా తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ పని చేపట్టాలి.